కంప్యూటరు హోరు – తగ్గించు మార్గములు

పగటివేళ ఇంటి సందడి నడుమ వినబడని కంప్యూటరు రాత్రి పది గంటలు దాటిన పిమ్మట వినబడ నారంభించును. వంటయింటి చప్పుళ్లు అణగును. వీథిలో బండ్ల రాకపోకలు తగ్గును. అప్పుడు బల్లక్రింది పెట్టెనుండి ఒక హోరు బయలుదేరి గది యంతయు నిండినట్లు తోచును. పరీక్షకు చదువుకొను కుర్రవాడు ఒక మూల, నిద్రపట్టని తాతగారు మరియొక మూల నుండు ఇంటిలో ఇది అల్పవిషయము కాదు. 2020 లో బడులు మూతపడి పాఠములును ఉద్యోగములును ఇండ్లలోనికి వచ్చినప్పటినుండి ఈ హోరు మరి యెందరికో పరిచయమైనది. మైకు ముందు కూర్చుండి మాట్లాడువానికి అది అలవాటైపోయి వినబడకపోవచ్చును గాని, అవతల వినువారికి మాత్రము అతని ప్రతి మాట వెనుకను వినబడుచునే యుండును.

ఈ హోరును అణచుటకు మన యిండ్లలో సాధారణముగ చేయు పని పెట్టెను బల్ల అరలోనికి నెట్టి తలుపు వేయుట, లేదా దానిపై తువాలు కప్పుట. రెండును తగని పనులే. పెట్టెలోని శబ్దములో అధికభాగము ఫానులది. ఫానులు తిరుగుటకు కారణము వేడి. పెట్టెను కప్పినచో లోపలి వేడి బయటికి పోదు; వేడి పెరిగినకొలది ఫాను వడి హెచ్చును; వడితోపాటు హోరును హెచ్చును. కావున కంప్యూటరును నిశ్శబ్దము చేయుట యనగా ముందుగ దానిలో పుట్టు వేడిని తగ్గించుట, తగ్గగా మిగిలిన వేడికి సుళువైన దారి చూపుట. ఫానులకు సంబంధింపని శబ్దములును కొన్ని కలవు. వానిలో ఒకదానిని మాత్రము అణచుటకు పూనుకొనరాదు. అది వినబడగనే ఉన్న పని మాని వేరొక పని చేయవలెను. ఆ సంగతి ముందు చెప్పెదను.

మన యిండ్లలోను అంగళ్లలోను "సి.పి.యు." అని పిలుచు పెట్టె నిజమునకు పలు పరికరములు కాపురముండు ఇల్లు. ప్రాసెసరు అనునది అందులో అగ్గిపెట్టె కంటె పలుచనైన చిన్న బిళ్ల, నిజమైన సి.పి.యు. అదియే. దానిపై అల్యూమినియము రేకులతో చేసిన హీట్ సింకును, ఆ రేకులలోనికి గాలి కొట్టు ఫానును ఉండును. గోడలోని విద్యుత్తును తక్కువ వోల్టేజికి మార్చు ఎస్.ఎం.పి.ఎస్. లో ఒక ఫాను. పెట్టె వెనుకగోడకు మరియొక ఫాను. బొమ్మల పని చూచు గ్రాఫిక్సు కార్డు వేరుగ నున్నచో దానికి ఒకటి రెండు ఫానులు. పాత పెట్టెలలో నిరంతరము తిరుగు హార్డు డిస్కు ఒకటి. ఒక్కొక్క దాని గొంతు ఒక్కొక్క తీరు.

ప్రాసెసరు పుచ్చుకొను విద్యుత్తు యావత్తు చివరకు వేడిగ మారును. లెక్కలు చేయుటకు కొంత ఖర్చై, వేడిగ కొంత మిగులునను విభజన ఇందులో లేదు. పాతకాలపు 60 వాట్ల బల్బును పొరపాటున ముట్టినవారికి ఆ వేడి యెంతటిదో తెలియును. ఇచట అంతటి వేడి గోటికంటె ఏ కొంచెమో పెద్దదైన చోటులో పుట్టును. 1993 లో వెలువడిన మొదటి పెంటియం ప్రాసెసరులలో 66 మెగాహెర్ట్జుల రకము గరిష్ఠముగ 16 వాట్లు పుచ్చుకొనెడిది. 2004 నాటి పెంటియం 4 ప్రాసెసరులలో పై తరగతివానికి తయారీదారులు చెప్పిన లెక్క 115 వాట్లు. పదునొకండు సంవత్సరములలో వేడి ఏడురెట్లు పెరిగినది. ఆ దినములలో కంప్యూటరు గదిలోనికి పోయినవారికి పిండిమర దాపునకు పోయినట్లు తోచుటలో ఆశ్చర్యము లేదు. పిమ్మటి కాలమున ఒక్కొక్క వాటుతో జరుగు పని చాల పెరిగినది. ఉత్తరములు వ్రాసికొనుటకు, పాఠములు వినుటకు వాడు నేటి యంత్రము ఇంచుమించు నిశ్శబ్దముగ పనిచేయుటకు అడ్డేమియు లేదు. అయినను చేయుట లేదనినచో దోషము తరచుగ అమరికలోను, ధూళిలోను ఉండును.

ఫానులను పూర్తిగ తీసివైచిన పోలేదా యని అడుగవచ్చును. ఆ ప్రయత్నమును జరిగినది. 1984 లో ఆపిల్ సంస్థ వెలువరించిన మొదటి మెకింటాషులో ఫాను లేదు. వేడిగాలి తనంతట పైకి పోవునను ధర్మమును నమ్మి పెట్టె పైభాగమున సందులు వదలిరి. నిశ్శబ్దము దొరికినది గాని వేడి బాధ తప్పలేదు. 1987 నాటి మెకింటాషు ఎస్.ఇ. లో ఫానును చేర్చిరి. దీనికి నేరుగ ఎదురైన కథ అదే సంస్థకు 2002 లో జరిగెను. ఆ యేట వచ్చిన పవర్ మాక్ జి-4 చేయు హోరునకు విసిగి వాడువారు దానికి "గాలిసొరంగము" అని పేరు పెట్టిరి. 2003 లో ఆ సంస్థ తక్కువ చప్పుడు చేయు ఎస్.ఎం.పి.ఎస్.ను, ఫానును ఇచ్చి పాతవానిని మార్చుకొను ఏర్పాటు చేయవలసి వచ్చెను. ఫాను లేకయు కాదు, పిచ్చిగ తిరిగియు కాదు. నెమ్మదిగ తిరుగు ఫాను కావలెను.

ఎంత నెమ్మది అను ప్రశ్నకు ఫానుల శాస్త్రము చక్కని సమాధాన మొసగుచున్నది. శబ్దమును డెసిబెళ్లలో కొలుతురు. 10 డెసిబెళ్లు తగ్గుట యనగా శబ్దశక్తి పదవవంతగుట. చెవికి మాత్రము సుమారు సగమైనట్లు తోచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 లో వెలువరించిన మార్గదర్శకములలో రాత్రివేళ పడకగదిలో నిలకడగ నుండు శబ్దము 30 డెసిబెళ్లకు మించకుండుట మేలని చెప్పినది. ఇక ఫాను సంగతి: దాని వడిని సగము చేసినచో గాలి సగమగును గాని, శబ్దము సుమారు 15 డెసిబెళ్లు తగ్గును. గాలిలో పోగొట్టుకొన్నది సగమే. హోరులో పోగొట్టుకొన్నది సగమునకంటె ఎంతో ఎక్కువ. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగు ఫానును 1,000 చుట్లకు దింపినను 8, 9 డెసిబెళ్లు తగ్గును. ఇంతటి లాభసాటి బేరము ఇంటి పనులలో మరియొకటి కనబడదు.

రెండవ సూత్రము పరిమాణమునకు సంబంధించినది. 80 మిల్లీమీటర్ల ఫాను బదులు అదే తీరున చేసిన 120 మిల్లీమీటర్ల ఫానును పెట్టినచో, మునుపటి వడిలో మూడవవంతు కంటె తక్కువ వడితోనే అంత గాలిని త్రోయగలదు. లెక్క ప్రకారము శబ్దము సుమారు 14 డెసిబెళ్లు తగ్గును. ఇందులో ఒక మెలిక యున్నది. గాలి అంతే వచ్చినను, ఆ గాలిని నెట్టు ఒత్తిడి ఐదవవంతునకు పడిపోవును. కావున పెద్ద ఫాను దాని దారి తెరచియున్నప్పుడే పనిచేయును. ధూళి పట్టిన జాలి, వైర్ల చిక్కు, ఇరుకు రంధ్రముల రేకు దాని ముందు అడ్డము నిలచినచో అది ఊరక తిరుగుచుండును గాని గాలి కదలదు. పెద్ద ఫాను కొని తెచ్చి, ఫలము కనబడలేదని నిట్టూర్చువారు మొదట ఈ అడ్డును చూడవలెను.

ఎంత గాలి కావలెనో కూడ ఒక అంచనా వేయవచ్చును. పెట్టె మొత్తము 200 వాట్ల వేడిని వెడలగ్రక్కుచున్న దనుకొందము. లోనికి వచ్చిన గాలి 10 డిగ్రీలు వేడెక్కి బయటికి పోవలెనన్నచో నిమిషమునకు సుమారు 1 ఘనమీటరు గాలి చాలును. 120 మిల్లీమీటర్ల ఫానులు రెండు, ముందు ఒకటి లోనికి, వెనుక ఒకటి బయటికి పెట్టినచో, నెమ్మదిగ తిరుగుచునే ఈ పని నెరవేర్చగలవు. లోనికి వచ్చు ఫానునకు ధూళి జాలి యుండవలెను. ఆ జాలి విప్పి కడుగుటకు వీలైనదై యుండవలెను.

పై లెక్కలో "వచ్చిన గాలి" అనుమాట మన దేశమున మిక్కిలి ముఖ్యమైనది. నిశ్శబ్ద కంప్యూటరులను గూర్చి వ్రాసిన గ్రంథములును సలహాలును ఎక్కువగ చలిదేశములనుండి వచ్చినవి. అచటి గది 20 డిగ్రీలలో నుండును. మన రామగుండములోనో, రెంటచింతలలోనో మేనెల మధ్యాహ్నము బయట 44 డిగ్రీలుండగా గదిలో 36, 38 ఉండుట సామాన్యము. ఫాను గాలిని కదల్చునే గాని చల్లబరుపదు. గది పదునెనిమిది డిగ్రీలు వేడిగ నున్నచో, అదే వడితో ఫాను తిరుగునప్పుడు ప్రాసెసరు కూడ ఇంచుమించు అన్ని డిగ్రీలు వేడిగ నుండును. సంక్రాంతి దినములలో సరిచేసికొన్న అమరిక రోహిణీకార్తెలో కేకలు పెట్టుట ఇందువలననే. అది యంత్రదోషము కాదు. ఏటికి రెండు అమరికలు పెట్టుకొనుట, వేసవిలో బరువైన పనిని తెల్లవారుజామునకు మార్చుకొనుట మన ప్రాంతమునకు తగిన ఉపాయములు.

ఇక పని ఎచ్చట మొదలుపెట్టవలెను? పైకమక్కరలేని వానితో. మొదటిది పెట్టె యుండు చోటు. మన అంగళ్లలో అమ్ము కంప్యూటరు బల్లలకు ప్రక్కన ఒక ఇరుకు అర యుండును; మూడువైపుల చెక్క, వెనుక గోడ. వెనుకనుండి వెడలిన వేడిగాలి గోడను తాకి, ప్రక్కసందులగుండ మరల ముందుకు వచ్చి లోనికే పోవును. యంత్రము తన ఊపిరిని తానే పీల్చుకొనును. పెట్టెను ఆ అరనుండి తీసి, వెనుక జానెడు చోటు విడిచి, బల్లకాలి ఆవల పెట్టుట మంచిది. చెవికిని పెట్టెకును నడుమ దూరము పెరిగినకొలది హోరు తగ్గునని వేరుగ చెప్పనక్కరలేదు. రెండు మీటర్ల తీగలు కొనినచో పని జరుగును. గదిమూలలో మాత్రము పెట్టరాదు. రెండు గోడలు శబ్దమును మరల గదిలోనికి త్రోయును. నేలపైన నేరుగ నుంచుటకంటె ఒక పీటపై నుంచినచో చీపురు లేపిన దుమ్ము తక్కువగ చేరును. పెట్టె వణుకు పీటకో బల్లకో పట్టి అది మద్దెలవలె మ్రోగుచున్నచో, పాత హవాయి చెప్పునుండి కోసిన నాలుగు రబ్బరు ముక్కలు పెట్టె కాళ్లక్రింద పెట్టవచ్చును. అంగడిలో దొరకు ఖరీదైన రబ్బరు కాళ్లు చేయు పనియు ఇదియే.

రెండవది ధూళి. హీట్ సింకు రేకుల నడుమ సందులు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. దుప్పట్ల నూలుపోగులు, అగరువత్తుల మసి, తాళింపు పొగతో వచ్చు నూనెజిడ్డు కలసి ఆ సందులలో చాపవలె అల్లుకొనును. ఫాను పైనుండి చూచినచో ఏమియు కనబడదు. చాప ఫాను క్రింద నుండును. శుభ్రపరచుటకు ముందు యంత్రమును ఆపి, ప్లగ్గును గోడనుండి ఊడదీసి, పవరు మీట నొకసారి నొక్కి మిగిలిన విద్యుత్తును పోనీయవలెను. పెట్టెను వరండాలోనికో డాబామీదికో తీసికొనిపోయి, మెత్తని పెయింటు బ్రష్షుతో ధూళిని వదులుచేసి, బ్లోయరుతో ఊదవలెను. ఊదునప్పుడు ఫాను రెక్కను వ్రేలితో పట్టి కదలకుండ చూడవలెను; గాలి విసురునకు అది హద్దుమీరి తిరిగి బేరింగు చెడును. తడిగుడ్డ పనికిరాదు. ఏడాదికి రెండుమారులు, వేసవికి ముందొకసారి, దీపావళి పిమ్మట నొకసారి ఈ పని చేసినచో చాలును. హోరు ఎక్కువైనదని అంగడికి మోసికొనిపోయిన పెట్టెలలో ఎన్నియో ఈ ఒక్క పనితోనే కుదుటబడును.

ధూళి తీసినను హోరు తగ్గనిచో ప్రాసెసరునకును హీట్ సింకునకును నడుమ నుండు థర్మల్ పేస్టును అనుమానింపవలెను. ఆ రెండు లోహపు ముఖములు కంటికి నున్నగ కనబడినను వాని నడుమ సన్నని గాలిపొర యుండును. గాలి వేడిని సులభముగ పోనీయదు. ఆ పొరను నింపుటకే ఈ పేస్టు. కొన్ని యేండ్లకు అది ఎండి పెళుసగును. పాతదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, ప్రాసెసరు నడుమ బఠాణీగింజంత పెట్టి హీట్ సింకును నిలువుగ అదిమినచో చాలును. ఎక్కువ పూసిన కొలది మేలనుకొనరాదు. ప్రాసెసరుతోపాటు వచ్చు కొన్ని ఫానులకు నాలుగు ప్లాస్టిక్కు మేకులుండును. వానిలో ఒకటి ఊడినను హీట్ సింకు ఒక మూల లేచి, ఫాను ఎల్లప్పుడును గరిష్ఠవేగమున పరుగెత్తును. పేస్టు మార్చుటకు ముందు ఈ మేకులను వ్రేలితో నొక్కి చూచుట ఒక నిమిషము పని.

మూడవది ఫాను వడిని నిర్ణయించు అమరిక. యంత్రము మేలుకొనునప్పుడు ఒక మీట నొక్కినచో బయాస్ అను తెర వచ్చును. ఎంత వేడికి ఎంత వడి అను పట్టిక అందులో నుండును. తయారీదారులు జాగ్రత్తకు పోయి ఆ పట్టికను కొంత దుడుకుగ పెట్టుదురు. ప్రాసెసరు 60 డిగ్రీలు చేరువరకు ఫానును నెమ్మదిగ నుంచి, అచటినుండి క్రమముగ పెంచి, 85 దాటినచో పూర్తివేగము వచ్చునట్లు మార్చుకొనవచ్చును. 90, 100 డిగ్రీల ప్రాంతమున ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకై పని వేగమునే తగ్గించుకొనును గనుక అంతవరకు పోనీయరాదు. నాలుగు తీగలుగల ఫానుల వడిని చాల మదర్‌బోర్డులు మార్చగలవు. మూడు తీగలవానిని కొన్ని బోర్డులే మార్చగలవు. కొత్త ఫాను కొనునప్పుడు తీగలు లెక్కపెట్టుట మరువరాదు.

ఇచట చెవి స్వభావమును గూర్చి ఒక మాట. నిలకడగ నుండు శబ్దమును చెవి కొంతసేపటికి మరచును. పైకప్పు ఫాను క్రింద మనము సుఖముగ నిద్రించుట ఇందుకు సాక్ష్యము. హెచ్చుచు తగ్గుచు నుండు శబ్దమును మాత్రము మరువలేదు. ప్రాసెసరు వేడి క్షణములో పది డిగ్రీలు ఎగిరి మరుక్షణమున దిగును; ఫాను దాని వెంట పరుగిడినచో గదిలో ఎవరో నిట్టూర్పులు విడుచుచున్నట్లుండును. అందుకు బయాస్‌లోనే ఆలస్యపు అమరిక యుండును. వేడి మారిన కొన్ని సెకండ్లకు గాని వడి మారకుండునట్లు దానిని పెట్టవలెను. నా మట్టునకు, రెండు డెసిబెళ్లు ఎక్కువైనను నిలకడగ పాడు ఫానునే కోరుకొందును.

వేడిని పుట్టువద్దనే తగ్గించుటకు మరి రెండు దారులు. ఒకటి అనవసరమైన పని మాన్పుట: బ్రౌజరులో నలుబది పుటలు తెరచియుంచినచో వానిలో కొన్ని కనబడకయే ప్రాసెసరును పనిలో పెట్టుచుండును. రెండవది వేగమునకు కళ్లెము వేయుట. విండోసులో విద్యుత్తు అమరికలయందు ప్రాసెసరు గరిష్ఠస్థితి యను అంకె 100 ఉండును. దానిని 99 చేసినచో చాల యంత్రములలో క్షణికముగ విజృంభించు వేగము ఆగిపోవును. ఉత్తరములు వ్రాయువానికి భేదము తెలియదు. ఫానునకు మాత్రము తెలియును. దీనికి కారణము సరళమే. అధికవేగమునకు అధిక వోల్టేజి కావలెను. వేడి వోల్టేజి వర్గమును బట్టి పెరుగును. వోల్టేజి పదవవంతు తగ్గినచో వేడి సుమారు అయిదవవంతు తగ్గును.

ఇక ఫానులు కాని శబ్దములు. హార్డు డిస్కులో అద్దమువంటి పలకలు నిమిషమునకు 7,200 చుట్లు, కొన్నిటిలో 5,400 చుట్లు తిరుగును. మొదటి రకము సెకండునకు 120 చుట్లు. ఆ వణుకు పెట్టె రేకులకు పట్టి తుమ్మెద ఝంకారమువలె వినబడును. మరలను రబ్బరు ఉంగరములతో బిగించినచో కొంత తగ్గును. అసలు మందు కదలు భాగములు లేని ఎస్.ఎస్.డి.కి మారుట. పాత యంత్రమునకు చేయదగిన మార్పులలో శబ్దమును తగ్గించుచు వేగమును పెంచునది ఇదొక్కటియే. పైకము వెచ్చింపదలచినచో మొదట దీనికే వెచ్చింపవలెను.

ముందు చెప్పెదనన్న శబ్దము ఈ డిస్కులోనిదే. చదువునప్పుడును వ్రాయునప్పుడును సన్నని గరగర వినబడుట దానికి సహజము. అట్లుగాక గడియారమువలె లయబద్ధముగ "టక్, టక్" మని కొట్టుకొనుట మొదలైనచో, లేదా తిరుగబోయి ఆగి మరల తిరుగబోవుచున్నట్లు వినబడినచో, చదువు ముల్లు తన దారి తప్పి మరల మరల వెదకుకొనుచున్నదని యర్థము. అప్పుడు దూది పెట్టుట, మరలు బిగించుట, ఆపి మరల వేసి చూచుట కూడదు. ఇంకను ఫైళ్లు తెరచుకొనుచున్నచో ఆ క్షణముననే మిక్కిలి ముఖ్యమైనవానిని, మరియొకచోట లేనివానిని, వేరొక డిస్కులోనికి ఎక్కింపవలెను. పెండ్లి ఫోటోలు, గతించిన పెద్దల గొంతు రికార్డులు, సగము వ్రాసిన పరిశోధనా గ్రంథము, పొలము కాగితముల నకళ్లు ఇట్టివి ముందు, సినిమాలు పిదప. ఫైళ్లు తెరచుకొననిచో విద్యుత్తు ఆపి, డిస్కును అట్లే డేటా తిరిగి రాబట్టు నిపుణులకు అప్పగింపవలెను. దానిని ఎన్నిసార్లు తిప్పి చూచిన అన్నిసార్లు ముల్లు పలకను గీయు ప్రమాద మున్నది. కొన్ని దినములు మ్రోగి తానై ఆగిన "టక్, టక్" కుదిరిన రోగము కాదు. ఏ చప్పుడును లేనప్పుడే మరియొక నకలు ఉంచుకొనినవారు ఈ సంకటమున నెమ్మదిగ నిద్రపోవుదురు.

ఫానునుండియే వచ్చు కీచుధ్వని వేరు. రెక్కకు తీగ తగులుచున్నచో టపటప లాడును. తీగను ప్రక్కకు కట్టినచో తీరును. బేరింగు అరిగినచో యంత్రము వేసిన క్రొత్తలో అరచి, వేడెక్కిన పిమ్మట అణగును. నడుమనున్న కాగితపు బిళ్ల ఎత్తి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయుట ఇండ్లలో నున్న అలవాటు. కొన్ని నెలలు గడచును గాని అది తాత్కాలికము. కొబ్బరినూనె వేయరాదు, అది జిగురుకట్టి ఫానును నిలిపివేయును. కొత్త ఫాను వెల ఒక సినిమాకు కుటుంబమంతయు పోయివచ్చు ఖర్చునకు మించదు.

ఎస్.ఎం.పి.ఎస్. ఫాను మ్రోగినచో ఆ డబ్బాను ఇంటిలో విప్పరాదు. 230 వోల్టుల విద్యుత్తును అది లోపల సుమారు 325 వోల్టులుగ కెపాసిటర్లలో నిలువచేయును. ప్లగ్గు తీసిన తరువాత కూడ అది కొంతసేపు నిలచి ప్రాణాపాయము తేగలదు. డబ్బానే మార్చుట తగినది. మంచి రకము ఎస్.ఎం.పి.ఎస్. తాను తక్కువ విద్యుత్తును వేడిగ పోగొట్టును గనుక దాని ఫానునకు పని తక్కువ. ఆట లాడునప్పుడు గ్రాఫిక్సు కార్డునుండి వినబడు సన్నని ఈలకు భయపడనక్కరలేదు. తీగచుట్టలు విద్యుత్తు మార్పులకు వణకుటవలన అది పుట్టును. తెరపై సెకండునకు వచ్చు బొమ్మల సంఖ్యకు హద్దు పెట్టినచో ఈలయు, వేడియు తగ్గును.

పెట్టె లోపల స్పాంజి అంటించుటను గూర్చి చాలమంది అడుగుదురు. పలుచని స్పాంజి సన్నని కీచుధ్వనులను కొంత పీల్చును. ఫానుల బొంగురు హోరును ఆపలేదు. వేడిని మాత్రము ఆపును. నీటితో చల్లబరచు యంత్రములును అంగళ్లలో కలవు. వానిలోను నీటిని త్రిప్పు పంపు ఒకటి, రేడియేటరునకు ఫానులు కొన్ని ఉండును. సాధారణ గృహమునకు ఆ ఖర్చు దండుగ యని నా అభిప్రాయము.

రేడియో వినువారికి మరియొక శబ్దము కలదు. అది చెవికి నేరుగ వినబడదు. రేడియోలో గరగరగ వినబడును. ఎస్.ఎం.పి.ఎస్. సెకండునకు వేలకొలది మారులు విద్యుత్తును తెంచి కలుపుచుండును. ఆ తెంపుల ప్రతిధ్వనులు మీడియం వేవ్ వరకు ప్రాకి, కార్యక్రమము నడుమ దూరును. చౌకరకము డబ్బాలలో దీనిని ఆపు వడపోత భాగములను తరచుగ మానివేయుదురు. చల్లగ నుండునని పెట్టె ప్రక్కరేకును తీసియుంచు అలవాటు కొందరికి కలదు. రేకు తీసినచో ముందునుండి వెనుకకు పోవలసిన గాలి దారి చెదరును, ధూళి చేరును, హోరు నేరుగ వినబడును, రేడియోకు గరగరయు హెచ్చును. రేకును బిగించి, మూడు ముళ్ల ప్లగ్గునకు ఎర్త్ సరిగ నున్నదో చూచి, రేడియోను వేరొక ప్లగ్గుకు మార్చవలెను. అప్పటికిని వదలనిచో రేడియోను బల్లపై మెల్లగ చుట్టును త్రిప్పవలెను. దానిలోని ఏరియలు కడ్డీ ఒక దిక్కునకు చెవిటిది. ఆ దిక్కు కంప్యూటరు వైపునకు వచ్చినప్పుడు గరగర చాలవరకు అణగి, పాట తేటగ వినబడును.